నిక్టలోపియా: విరుద్ధార్థములను మోసిన ఒక శబ్దము

ఇంగ్లీషు వైద్యగ్రంథములలో 'నిక్టలోపియా' అను మాట నేడు ఒకే అర్థమున వాడబడుచున్నది. పగలు చక్కగా కనిపించి, ప్రొద్దు గ్రుంకిన పిమ్మట చూపు ఆననిచ్చో దానిని నిక్టలోపియా యందురు. అది మన రేచీకటి. దానికి ఎదురైన మాట 'హెమెరలోపియా'. పగటి వెలుగులో కన్ను తెరవలేక, మసక వెలుతురులో మాత్రము చూడగలుగుట దాని యర్థము. ఇంతవరకు చిక్కులేదు. కాని ఇంగ్లీషు పుస్తకమును మూసి ఫ్రెంచి పుస్తకమును తెరచినచో, అచ్చట 'ఎమెరలోపీ' యనగా రేచీకటి. జర్మను, ఇటాలియను భాషలలోను ఈ శబ్దమునకు అదియే యర్థము. ఫ్రెంచివారు 'నిక్టలోప్' అను మాటను చీకటిలో చూడగల పిల్లికిని, గుడ్లగూబకును విశేషణముగా వాడుదురు. అనగా గ్రీకునుండి వచ్చిన ఒకే జంట శబ్దములు ఇంగ్లీషు కాలువకు ఇవతల ఒక విధముగను, అవతల దానికి సరిగా వ్యతిరేకముగను నిలిచియున్నవి.

అర్థవిపరిణామమును బోధించునపుడు మనము సాధారణముగా నూనె, చీర, కంపు అను మాటలను ఉదాహరింతుము. నువ్వుల నెయ్యి సకల తైలములకు పేరగుట అర్థవ్యాకోచము. వస్త్రమాత్రమును చెప్పిన చీర స్త్రీల కట్టుబట్టకే పరిమితమగుట సంకోచము. పరిమళమునకును చెల్లిన కంపు దుర్గంధమునకే మిగులుట అపకర్ష. నిక్టలోపియా చరిత్ర ఈ మూటిలో దేనికిని లొంగదు. ఇచ్చట అర్థము పెరుగలేదు, తరుగలేదు, దిగజారలేదు, తలక్రిందులైనది. అదియు ఒకసారి తలక్రిందులై ఊరకుండక, రెండు అర్థములును ఇరువది శతాబ్దులకు పైగా ప్రక్కప్రక్కనే నడచినవి. ఒకే నిఘంటువున రెండును కనిపించిన కాలము కూడ కలదు.

మొదట వ్యుత్పత్తి. గ్రీకున 'నిక్స్' అనగా రాత్రి. దాని షష్ఠీరూపము 'నిక్టోస్'. ఇది సంస్కృత 'నక్త' శబ్దమునకు, లాటిను 'నోక్స్'కు, ఇంగ్లీషు 'నైట్'కు సోదరము. చివరనున్న 'ఓప్స్' అనగా కన్ను. మన 'అక్షి'యు ఆ మూలధాతువు సంతతియే. ఈ రెంటి నడుమ 'అలఓస్' అను మాట ఇమిడియున్నదని పండితుల యభిప్రాయము. అలఓస్ అనగా గ్రుడ్డి. మూడును కలిసి 'నిక్టలోప్స్' అయినది. రాత్రియందు అంధమైన నేత్రము గలవాడు అని విగ్రహము. హెమెరలోపియా యందు నిక్స్ స్థానమున 'హేమెరా', అనగా పగలు, చేరినది.

చిక్కంతయు ఆ నడిమి పదముననే యున్నది. 'అలఓస్' సమాసమున అచ్చు కోల్పోయి, 'అల్' అను రెండు ధ్వనులుగా మాత్రమే మిగిలినది. చెవికి వినిపించునది రాత్రి, కన్ను, వినిపించనిది గ్రుడ్డితనము. అందువలన మాటను విన్నవాడు రాత్రియందు నేత్రము గలవాడు, అనగా రాత్రి చూడగలవాడు అని విగ్రహము చెప్పుకొనుటకు అవకాశము కలిగినది. సమాసమొక్కటే, విగ్రహము మారినచో ఫలము తారుమారగుట మనకు క్రొత్త కాదు. వ్యాకరణము ఎందుకు చదువవలెనో చెప్పుచు మహాభాష్యకారుడు పేర్కొన్న 'ఇంద్రశత్రు' శబ్దము అట్టిదే. ఇంద్రుని చంపువాడు కావలెనని త్వష్ట తలచెను. తత్పురుషకు బదులు బహువ్రీహి స్వరము పలుకబడెను. ఇంద్రుడే చంపువాడుగా గలవాడు పుట్టెను. గ్రీకు మాటకు స్వరదోషమైనను అక్కరలేకపోయినది. మింగబడిన ఒక పదము చాలినది.

ప్రాచీనులు ఏ యర్థమున వాడిరి? హిపోక్రటీసు పేరిట నిలిచిన గ్రంథములలోనే భేదము కనిపించును. 'ప్రోర్హెటికాన్' అను గ్రంథము రెండవ పుస్తకమున, రాత్రి చూచువారిని నిక్టలోప్సులని చెప్పినట్లు పాఠము కలదు. ఈ ఒక్క వాక్యమే తరువాతి వివాదములకు ప్రధానాధారమైనది. నిషేధార్థకమైన ఒక చిన్న అవ్యయము వ్రాయసకాని చేతిలో జారిపోయినదని, 'రాత్రి చూడనివారు' అనియే మూలమున నుండెనని కొందరి వాదము. తాళపత్రప్రతులను పరిష్కరించిన వారికి ఈ ఊహ అసంభవమని తోచదు; ఒక 'న'కారము లోపించి అర్థము తారుమారైన తావులు మనకును తెలియును. పైగా ఆ వ్యాధి పిన్నవయస్సువారికి వచ్చుననియు, కొంతకాలమునకు దానంతటదే పోవుననియు అచ్చటనే చెప్పబడినది. ఈ లక్షణము రేచీకటికి పొసగినట్లు, పుట్టుకతో వచ్చి విడువని పగటి అంధత్వమునకు పొసగదు.

పాఠనిర్ణయమున ఎడతెగని వాదము చెలరేగినచోట ఒక్కొక్కప్పుడు పదార్థమే సాక్ష్యము పలుకును. ఆ హిపోక్రటీసు సంపుటిలోనే 'దృష్టిని గూర్చి' అను చిన్న గ్రంథము కలదు. నిక్టలోప్సు వ్యాధికి అందు విధించిన చికిత్సలలో తేనెలో ముంచిన పచ్చి ఎద్దుకార్జమును తినిపించుట ఒకటి. మేకలు పగటివలెనే రాత్రియు చూచునని చెప్పుదురనియు, కనుకనే మేకకార్జము నిక్టలోప్సులకు చూపు నిచ్చుననియు 1వ శతాబ్దివాడైన ప్లినీ వ్రాసెను. అదే శతాబ్దివాడైన సెల్సస్ గ్రీకు మాట జోలికి పోకుండ, పగలు చాలినంత కనిపించి రాత్రి ఏమియు కనిపించని నేత్రదౌర్బల్యమని లక్షణమును మాత్రము వర్ణించి, కాలుచున్న కార్జమునుండి కారు రసమును కంటికి పూయుమని, ఆ కార్జమును తినుమని చెప్పెను. కార్జమున ఏ-విటమిను నిండుగా నుండును. ఆ విటమిను లోపమున వచ్చిన రేచీకటిని కార్జము తీర్చును. పగటి అంధత్వమును తీర్చదు. కాబట్టి ఈ తావులలో నిక్టలోప్సు రేచీకటి రోగియే యని నిఘంటువు సహాయము లేకుండనే చెప్పవచ్చును. 7వ శతాబ్దివాడైన ఏజినా పౌలుకు వచ్చుసరికి సందేహమే లేదు. పగలు చూచుచు, సూర్యాస్తమయమున మందగించి, రాత్రి బొత్తిగా చూడలేనివారే నిక్టలోప్సులని అతడు స్పష్టముగా నిర్వచించెను.

వైద్యులు ఒక దారికి వచ్చినను న్యాయవేత్తలు రాలేదు. 533లో జస్టీనియను చక్రవర్తి ప్రకటించిన 'డైజెస్టు' అను ధర్మశాస్త్రసంగ్రహమున బానిసల విక్రయమును గూర్చిన ప్రకరణము కలదు. అమ్మినవాడు దాచిన రోగము ఉన్నచో కొన్నవాడు బానిసను తిరిగి ఇచ్చివేయవచ్చును. ఉదయమునను, సాయంకాలమునను చూడలేనివాడు రోగియే యని, దీనినే గ్రీకులు నిక్టలోప్స్ అందురని అల్పియను అను న్యాయవేత్త మతము. వెంటనే, దీపము తెచ్చినను ఏమియు చూడలేకపోవుటయే 'లుస్కిటియో' అని కొందరు తలచుచున్నారని మరియొక మాట చేర్చబడినది. ఒక మనుష్యుని వెలయు, అమ్మినవాని బాధ్యతయు ఈ శబ్దార్థము మీద ఆధారపడిన దినములవి.

ఇంగ్లీషున ఈ శబ్దము 17వ శతాబ్దిలో ప్రవేశించినది. డచ్చివైద్యుడు బ్లాంకార్టు కూర్చిన వైద్యనిఘంటువు 1684లో ఇంగ్లీషు చేయబడెను. అందు నిక్టలోపియా రెండు విధములని కలదు: రాత్రియందు చూపు మందగించుట ఒకటి, వెలుగులో మందగించి నీడలోను రాత్రియందును స్పష్టముగా చూచుట రెండవది. ఒక వ్యాధియే రెండు విధములన్నట్లు వ్రాయుట నిఘంటుకర్తల పాత ఉపాయము. శబ్దమునకు గల వివాదమును వస్తువునకు గల భేదముగా చూపి, ఎవరికిని కోపము రాకుండ తప్పుకొనుట. తెలుగు నిఘంటువులలో సైతము ఈ ఉపాయమునకు ఉదాహరణములు లేకపోలేదు.

1768లో ప్రఖ్యాత వైద్యుడు విలియం హెబర్డెన్ నిక్టలోపియాను రాత్రి అంధత్వమని తీర్చి చెప్పెను. దానితో నిలుకడ కలుగవలసినది. కాని అప్పటికే హెమెరలోపియా అను ఎదురుమాట రంగమున ప్రవేశించి యుండెను. దానికిని అదే తెగులు పట్టినది. పగలు గ్రుడ్డివాడు అని కొందరు, పగలు మాత్రమే కన్నుగలవాడు, అనగా రాత్రి గ్రుడ్డివాడు అని కొందరు విగ్రహము చెప్పిరి. 1814లో లండనునందు బాంఫీల్డు అను శస్త్రవైద్యుడు తూర్పు, పడమటి ఇండీసుల నావికులకు సోకు ఒక నేత్రవ్యాధిని గూర్చి దీర్ఘవ్యాసము ప్రకటించెను. ఆ వ్యాసమునకు పెట్టిన పేరులోనే హెమెరలోపియా, లేక రాత్రి అంధత్వము, సామాన్యముగా నిక్టలోపియా యనబడునది అను భావము కలదు. ఎదురెదురు మాటలు రెండును ఒకే వ్యాధికి పేర్లుగా ఒకే శీర్షికలో నిలిచిన వింత యిది. హిందూమహాసముద్రమున తిరిగిన నౌకల వైద్యచరిత్రను పరిశోధించు విద్యార్థి నేటి ఇంగ్లీషు నిఘంటువును ముందుంచుకొని హెమెరలోపియా అను మాటను మాత్రమే చూచి ముందుకు సాగినచో, వేలకొలది నావికులు పగటిపూట గ్రుడ్డివారైరని వ్రాయవలసి వచ్చును.

19వ శతాబ్ది ఉత్తరార్ధమున ఇంగ్లండులోని పండితవైద్యులు ప్రాచీనపాఠములను వెదకి, నిక్టలోపియా యనగా రేచీకటి యనుటకే ఆధారబలము ఎక్కువగా నున్నదని నిర్ణయించిరి. ఇంగ్లీషు వైద్యలోకము క్రమముగా దానిని అంగీకరించినది. ఐరోపాఖండమున మాత్రము వాడుక అప్పటికే రెండవ దారిలో గట్టిపడియుండెను.

ఇక, ఇట్లేల జరిగినది? పైని చెప్పినట్లు సమాసమున 'గ్రుడ్డి' యను పదము మరుగుపడుట కారణమని నిఘంటుకారులు సామాన్యముగా చెప్పుదురు. ఈ సమాధానము చక్కగా కనిపించును. మన తెలుగుమాటను ప్రక్కన నిలిపినచో మరింత బలపడినట్లును తోచును. 'రే' యనగా రాత్రి. రేరాజు, రేపగలు అను మాటలలో నున్నదే. 'చీకటి' స్పష్టము. తెలుగున 'చీకు' అనగా గ్రుడ్డి, గ్రుడ్డివాడు. చీకు, చీకటి ఏకమూలకములు. కాబట్టి రేచీకటి యందు గ్రుడ్డితనము దాగియుండలేదు, పైకే యున్నది. హిందీ 'రతౌంధీ' యందు అంధశబ్దము, బెంగాలీ 'రాత్‌కానా' యందు గ్రుడ్డిని చెప్పు కానాశబ్దము, ఫారసీ 'శబ్‌కోరీ' యందు కోర్ శబ్దము వినబడుచున్నవి. వీనిలో ఏదియు తలక్రిందులు కాలేదు.

అయితే పొరుగుననున్న తమిళమును, కన్నడమును చూచినచో ఈ సమాధానము నిలువదు. తమిళమున రేచీకటికి 'మాలైక్కణ్' అని పేరు. మాలై యనగా సాయంకాలము, కణ్ అనగా కన్ను. కన్నడమున 'ఇరుళుగణ్ణు'; ఇరుళు చీకటి, రాత్రి. ఈ రెండు మాటలలో గ్రుడ్డితనమును చెప్పు అక్షరమొక్కటియు లేదు. నిక్టలోప్సును అపార్థము చేసిన తర్కముతో చూచినచో, మాలైక్కణ్ సాయంకాలము చూడగల కన్ను కావచ్చును, ఇరుళుగణ్ణు చీకటిలో వెలుగు కన్ను కావచ్చును. అట్టి యర్థమున ఆ మాటలు ప్రజల వాడుకలో లేవు. చైనావారి ప్రాచీనవైద్యమున దీనికి 'పిచ్చుకకన్ను' అని పేరు. రష్యనులు 'కోడి గ్రుడ్డితనము' అందురు. జపానువారు 'పక్షికన్ను' అందురు. ప్రొద్దు గ్రుంకగానే పక్షులు గూటికి చేరుట చూచి పెట్టిన పేర్లివి. పిచ్చుకకన్ను అనగా చురుకైన చూపు అని ఊహించుటకు వీలున్నను, ఆ పేరు వ్యాధినే చెప్పినది.

మన చత్వారమును కూడ ఇచ్చట చెప్పుకొనవచ్చును. నలుబది దాటినవారికి దగ్గరి అక్షరములు ఆనకుండుటకు ఆ పేరు. ఈ వ్యాసము వ్రాయువాడును ఆ వయస్సునకు వచ్చినవాడే. నలుబదికి సంస్కృతము చత్వారింశత్. 'చత్వారః' అన్నచో నాలుగే. శబ్దమును పట్టి చూచినచో చత్వారము నాలుగేండ్ల పిల్లలకు రావలెను. అయినను సులోచనముల అంగడికి పోయి చత్వారమన్నవానిని ఎవరును అపార్థము చేసికొనరు. చాళీసు అనువారికిని అంతే.

కావున నిక్టలోపియాను కాపాడలేకపోయినది వ్యుత్పత్తి లోపము కాదని నా యభిప్రాయము. అస్పష్టమైన వ్యుత్పత్తి గల మాటలెన్నియో స్థిరార్థముతో బ్రతుకుచున్నవి. భేదము మాట ఎచ్చట నివసించినది అనుటలో నున్నది. మాలైక్కణ్ అను మాటను బిడ్డ సాయంకాలము గడప తట్టుకొని పడినపుడు తల్లి పలుకును. ఎదుటనున్న బిడ్డయే ఆ మాటకు విగ్రహవాక్యము. నిక్టలోపియా లాటినులోను, ఆధునికభాషలలోను గ్రంథములనుండి గ్రంథములకు నడచిన మాట. రోగి నోట పలుకబడలేదు. రోగిని చూడకయే దానికి అర్థము చెప్పవలసినవారు అక్షరములనే విడదీసి చూచుకొనిరి. విడదీయుట రెండు విధములుగా సాధ్యమైనది. ఇంగ్లీషు పామరజనము తమకు తామే చెప్పుకొన్న 'నైట్ బ్లైండ్‌నెస్' అను మాట ఒక్కనాడును మారకుండుట ఇందుకు అనుకూలమైన సాక్ష్యము.

సుశ్రుతసంహిత ఉత్తరతంత్రమున దృష్టిగతరోగములను చెప్పిన రీతి ఈ సందర్భమున గమనింపదగినది. పిత్తవిదగ్ధదృష్టి గలవాడు పగలు చూడక రాత్రి చూచును. కఫవిదగ్ధదృష్టి గలవానికి నక్తాంధ్యము కలుగును. పేర్లు దోషములను బట్టి పెట్టబడినవి. వానిని విడదీసి పగలో రేయో తెలిసికొనుటకు వీలులేదు. అందువలన ఆచార్యుడు లక్షణమును విడిగా చెప్పక తప్పలేదు. లక్షణము చెప్పబడియుండుటచేత పేరు మీద ఊహకు తావు లేకపోయినది. జంతువుల యకృత్తును పిప్పలితో చేర్చి వాడుట ఇచ్చటను కనిపించును. కార్జపు చికిత్స గ్రీకులకు, రోమనులకు, మనకు సమానముగా తెలిసియుండుట చిత్రము. 1857-59లో భూప్రదక్షిణము చేసిన ఆస్ట్రియా నౌక 'నోవారా' వైద్యుడు ఎడ్వర్డు ష్వార్ట్స్ రేచీకటి పట్టిన నావికులకు ఎద్దుకార్జము పెట్టి నయము చేసెను. ఆ కాలపు పండితులు దానిని నాటువైద్యమని త్రోసివేసిరి. 1876లో ఫ్రాంజ్ బోల్ నేత్రపటలమునందలి ఊదావర్ణద్రవ్యము వెలుగు సోకి వివర్ణమగుటను కనుగొనెను. 1933లో జార్జి వాల్డు నేత్రపటలమున ఏ-విటమిను ఉన్నదని చూపెను. మసక వెలుతురులో పనిచేయు దండాకార కణములకు ఆ ద్రవ్యము కావలెను. అది చాలనిచో మొదట పోవునది రాత్రి చూపే. ఆ లోపము ముదిరినచో కంటి నల్లగ్రుడ్డు పై పొర ఎండి, కరగి, చూపు శాశ్వతముగా పోవును.

ఈ కారణముననే పామరుల మాటకు శాస్త్రమున ఊహింపని గౌరవము కలిగినది. కూనూరునుండి 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అని పేరు మార్చుకొన్న పరిశోధనాలయము చేసిన ప్రయోగముల ఫలముగా, 1970లో దేశమున చిన్నపిల్లలకు ఆరునెలలకొకసారి 2,00,000 యూనిట్ల ఏ-విటమినును నోటిద్వారా ఇచ్చు పథకము ఆరంభమైనది. ఏ గ్రామమున లోపము ఎంత గలదో తెలిసికొనుటకు తల్లుల నడుగు ప్రశ్నలలో, రేచీకటికి ఆ ప్రాంతమున గల వాడుకమాటను పలికి అడుగవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. రెండుమూడేండ్ల బిడ్డకు చూపు పరీక్ష చేయుట కష్టము. తల్లి మాటయే పరీక్ష. ఆ ప్రశ్నలో నిక్టలోపియాను గాని, దానికి పండితులు కల్పించిన సంస్కృతసమాసమును గాని నిలిపినచో తల్లి ఊరకుండును. రేచీకటి యన్నచో ఉన్నదనియో లేదనియో చెప్పును.

కాబట్టి తెలుగు పాఠ్యగ్రంథములు వ్రాయువారు రేచీకటి ఉండగా వేరొక దానికొరకు వెదకవలసిన పని లేదు. నిక్టలోపియా, హెమెరలోపియా అను మాటలు ఎదురైనపుడు మాటను కాక లక్షణమును అనువదింపవలెను. గ్రంథము ఏ భాషలోనిది, ఏ కాలమునది యని ముందుగా చూడవలెను. ఫ్రెంచి, జర్మను మూలములకు ఇంగ్లీషు నిఘంటువు ఇచ్చట సహాయము కాదు, ప్రమాదము. 1900కు పూర్వపు ఇంగ్లీషు గ్రంథములకు సైతము అంతే.

మిగిలినది పగటి అంధత్వము. దానికి తెలుగున రేచీకటివలె జనసామాన్యమున నలిగిన మాట లేదు. వ్యాధి అరుదు, రంగులను, వెలుగును గ్రహించు కణములు పుట్టుకతోనే పనిచేయని వర్ణాంధత్వము దానికొక ముఖ్యకారణము, అది సుమారు 30,000 మందిలో ఒకరికి కలుగును. కొందరు 'పగటి చీకటి' అని కల్పింపవచ్చును. అది పట్టపగలు క్రమ్మిన మబ్బును తలపించును గాని కంటి రోగమును కాదు. 'దివాంధ్యము' మేలని తోచుచున్నది. దివాంధమనగా గుడ్లగూబ యని నిఘంటువు తిరుగవేసిన ప్రతి విద్యార్థికిని తెలియును. పగలు కన్ను మూసికొని రాత్రి తెరచు ఆ పక్షి మాటలోనే కూర్చుండియున్నది గనుక, దానిని త్రిప్పి చదువుట ఎవరికిని సాధ్యము కాదు.